గుమ్మం ముందు తుంగమోపు

పొయ్యి ఆర్పేశారన్న సంగతి మాలకీకి చేతులు కడుక్కోబోయినప్పుడు తెలిసింది. కుళాయి నీళ్ళు వేళ్ళను కొరికాయి. ఆ ఇంట్లో వంటకీ, వెచ్చదనానికీ, వేడినీళ్ళకీ అన్నిటికీ ఆ ఇనుప పొయ్యే దిక్కు. తల్లి బతికున్నన్నాళ్ళూ అది ఎండాకాలంలో కూడా చల్లబడి ఎరగదు. ఇవాళ జనవరి ఆఖరు. బయట మంచు ముక్కలు కలిసిన వాన. కొట్టంలో తొలిచూలు ఆవు నేడో రేపో ఈనేలా ఉంది. ఇలాంటి రోజున పొయ్యి బూడిదంతా ఊడ్చి, ఇత్తడి పళ్ళెంలా తుడిచిపెట్టి, దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టారు.

ఏమిటిదని భార్యను అడిగాడు. ఊనా ఓపిగ్గానే చెప్పింది. చలికాలపు నిప్పు పోవాలట. కొత్త నిప్పు రాజెయ్యాలట. అది కూడా బ్రిజిడ్ ఇంట్లోకి వచ్చిన తరవాతేనట.

"ఆవిడ వచ్చేదాకా చేతులు కడుక్కోకూడదా?" అన్నాడు మాలకీ.

"ఒక్క సాయంత్రం ఓర్చుకోలేవా?" అంది ఊనా.

ఓర్చుకోగలడు. ఓర్చుకోవడమే ఏడాదిగా అతని పని.

ఊనా పదేళ్ళ కిందటే చర్చికి వెళ్ళడం మానేసింది. చర్చి కంటే ముందున్న పాత దేవతలను కొలుస్తుంది. అలాంటివాళ్ళను పేగన్లంటారు. ఊళ్ళో ఇంకా కొన్ని మాటలంటారు గాని ఆమెకు లెక్కలేదు. చలి విరగబోయే ముందు వచ్చే ఈ పండగ ఆమెకు ఇంబల్క్. బ్రిజిడ్ ఆమెకు నిప్పుకీ, పాలకీ దేవత. మాలకీ అక్క అట్రాక్టాకి ఇదే పండగ బ్రిజిడమ్మ పండగ. బ్రిజిడ్ ఆమెకు పునీతురాలు, మఠం కట్టిన సన్యాసిని. ఈ మధ్య ప్రభుత్వం ఈ పండగకి సెలవు కూడా ఇచ్చింది. అది మా దేవతకిచ్చిన సెలవని ఊనా, మా పునీతురాలికిచ్చిన సెలవని అట్రాక్టా. మాలకీకి ఆ రోజు కూడా పేడ తీసే పని తప్పలేదు.

ఇద్దరూ చేసేది మాత్రం ఒకటే. అదే తుంగ పీకుతారు, అవే నాలుగు చేతుల అల్లికలు అల్లుతారు, అవే బంగాళాదుంపలు క్యాబేజీ వేసి మెదిపి, మధ్యలో గుంట చేసి వెన్న పోస్తారు. అల్లికను ఒకరు శిలువ అంటారు, ఒకరు సూర్యచక్రం అంటారు. వాసానికి దోపాక అది రెండూ కాదు, దుమ్ము పట్టే గడ్డి. ఈ మాట మాలకీ ఎవరితోనూ అనలేదు. అంటే ఇద్దరికీ కోపం వస్తుంది, రెండు చోట్లా తిండి పోతుంది.

తిండి సగం ఇప్పటికే పోయింది.

పోయినేడు ఇదే పండగకి తల్లి లేదు. ఆ చలికాలం మొదట్లోనే పోయింది. ఆమె వెనక మిగిలిన వాటిలో విలువైనది ఒక గుడ్డపేలిక. ఎప్పటిదో పిండిసంచి నార. పండగ ముందు రాత్రి దాన్ని కంచె మీద ఆరేస్తే, బ్రిజిడ్ ఆ దారిన పోతూ ముట్టుకుని పోతుందని నమ్మకం. తెల్లారి తీసి లోపల పెట్టుకుంటే ఏడాదంతా మందు. తలనొప్పికి తలకు కడతారు, ఈనే ఆవుకి వీపున వేస్తారు. తల్లి ప్రతి ఏడూ అదే గుడ్డ వేసేది. దాన్ని ఎన్నడూ నీళ్ళలో ముంచలేదు. టీ రంగు తిరిగి, మడతల దగ్గర తోలులా గట్టిపడింది.

ఊనా దాన్ని తెల్లారి కంచె మీంచి తీసింది. పిట్ట రెట్ట వేసి ఉంది. తెల్లబట్టలతో పాటు మిషన్లో వేసింది. మంచికే వేసింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన వదిన ముందు దాన్ని మడతపెట్టి పెట్టింది. అట్రాక్టా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. లావెండరు వాసన. అమ్మ చేతి జిడ్డూ, ఆవుల వాసనా, అరవై ఏళ్ళ మంచూ అన్నీ కాలువలో కొట్టుకుపోయాయి. గుడ్డను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, పళ్ళెంలో కూర అలాగే వదిలి, వీధి దాటి తన ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆమె ఇల్లు ఎదురుగానే. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాక కట్టుకుంది. పుట్టింటి వాకిలి కనపడేలా వంటగది కిటికీ పెట్టించుకుంది. ఆ కిటికీకి ఇప్పుడు తెర దించి ఉంటుంది. వారానికో గోధుమ రొట్టె కాల్చి, గేటు స్తంభం మీద పెట్టి పోతుంది. ఇదివరకు చేసే రొట్టె ఇంటిల్లిపాదికీ వచ్చేది. ఇప్పటిది సరిగ్గా ఒక మనిషికి సరిపోతుంది. మాలకీ దాన్ని కొట్టంలో నిలబడి తింటాడు. ఇంట్లోకి తీసుకెళ్తే ఊనా ఆ రొట్టె సైజు చూస్తుంది.

ఆ పొద్దున వీధికి ఇటు నుంచే అక్కతో మాట్లాడాడు. సాయంత్రం బంగాళాదుంపలు మెదుపుతున్నాం అన్నాడు. ఎవరి పేరున అని అడిగింది. తల్లి పోయాక తొలి పండగ అలా పాడైంది. ఈ ఏడు కూడా ఆమె రాకపోతే ఇక రాదని అతనికి తెలుసు. ఆ ఇంట్లో వరసగా రెండేళ్ళు జరిగింది ఏదైనా అలవాటు కింద లెక్క. తండ్రి పైపు మానడమూ, తల్లి నవ్వడం మానడమూ అలాగే జరిగాయి.

పొద్దు వాలే వేళకి అతిథులు వచ్చారు. పట్నం నుంచి ఇద్దరు. జెరాల్డిన్ మందుల షాపులో పనిచేస్తుంది, నెమ్మదైన మనిషి. ఫియాక్రా అనే గడ్డపాయన యోగా నేర్పుతాడు. ఇద్దరూ బూట్లు గుమ్మం దగ్గర విప్పి, చల్లటి బండల మీద మేజోళ్ళతో నిలబడి వణుకుతూ ఇల్లెంత బాగుందో అన్నారు. కొవ్వొత్తుల పొగకి, పొగ పసిగట్టే గంట మోగుతుందని ఊనా పొద్దున్నే దాన్లో బ్యాటరీ తీసేసింది. బ్రిజిడ్ బొమ్మను ఓట్స్ గడ్డితో చేసి, మాలకీ పెళ్ళినాటి చొక్కా చెయ్యి కత్తిరించి దానికి గౌను తొడిగింది. నన్నడగలేదేం అంటే, నీకిప్పుడది పట్టదుగా అంది. అదీ నిజమే. బొమ్మకి పడక బట్టల బుట్టలో వేసింది, వెనక తలుపు పక్కన.

ఫియాక్రా సంచిలోంచి సీసా తీసి, దేవతకి నైవేద్యంగా పొయ్యడానికి పాలు తెచ్చానన్నాడు. మాలకీ దాన్ని తిప్పి చూశాడు. ఓట్స్ గింజలతో చేసిన పాలు. కిటికీలోంచి తన ఆవుల కొట్టం వైపు చూసి, సీసాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

తరవాత తుంగ ఎవరు మోసుకురావాలన్న మాట వచ్చింది. ఆ పండగలో అసలు ఘట్టం అది. ఒకరు తుంగమోపు ఎత్తుకుని ఇంటికి ప్రదక్షిణం చేసి, మూసిన తలుపు ముందు నిలబడి, బ్రిజిడ్‌ని రానివ్వమని మూడుసార్లు అడగాలి. లోపలివాళ్ళు మోకాళ్ళ మీద ఉండి "రావమ్మా రా, ఇల్లు నీదే" అని మూడుసార్లు చెప్పి తలుపు తియ్యాలి. మోపు చేత పట్టినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగకూడదు. తిరిగితే ఏడాది పాడి వెనక్కి పోతుంది. చిన్నప్పుడు ఈ పని అట్రాక్టాది, ఇంటి పెద్దాడపిల్ల గనక. మాలకీ లోపల అమ్మ పక్కన మోకాళ్ళ మీద ఉండి, బయట అక్క గొంతు విని, అది అక్కేనని తెలిసి కూడా భయపడేవాడు.

ఫియాక్రా గొంతు బాగుంటుంది, ఆయన్ని పంపిద్దామంది ఊనా. ఈ ఇంటి తుంగ ఈ ఇంటివాళ్ళే మోస్తారని మాలకీ అన్నాడు. అతను ఒక మాట మీద నిలబడ్డం అరుదు గనక ఎవరూ కాదనలేదు.

దిగువ మడిలోకి వెళ్ళాడు. తుంగను కొడవలితో కొయ్యకూడదు, చేత్తో పీకాలి. మడమల దాకా బురదలో నిలబడి, మంచులాంటి కాడలు అరచేతులు కోసేస్తుంటే పీకాడు. చేతులు వేడినీళ్ళలో పెట్టుకోవాలనిపించింది, పొయ్యి గుర్తొచ్చింది, ఇంకొంచెం కోపంగా పీకాడు. మోపు రెండు చేతులా పట్టేంత అయ్యాక వచ్చాడు. కొట్టం గేటు దాటి, చేతులు ఖాళీ లేక మడమతో వెనక్కి తన్నాడు. గేటు పడిన చప్పుడైంది. గొళ్ళెం పడిన చప్పుడైందా అంటే, అతను ఆగి వినలేదు.

ఇంటి వెనక ప్రదక్షిణం సగంలో ఉండగా చూశాడు. గేటు బార్లా తెరిచి ఉంది. ఆవు లేదు.

తుంగ కింద పెట్టకూడదు. పెట్టి ఆవుని వెతకాలి. రెంటి మధ్యా నిలబడి, పొద్దున్నుంచీ మింగిన మాటలన్నీ ఒక్క తిట్టుగా తిట్టాడు. అంతలో వీధి వైపు నుంచి "హౌ, హౌ" అని వినపడింది. పశువుల్ని అదిలించే గొంతు. ఎవరి గొంతో అతనికి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు.

ఇంటి మూల దాకా వచ్చేసరికి అట్రాక్టా గుమ్మం ముందుంది. రబ్బరు బూట్లు, రాత్రి వేసుకునే ఉన్ని కోటు. కోటు నడికట్టు ఆవు మెడకి కట్టి ఉంది. ఆవు తీరిగ్గా నములుతోంది. అక్క రెండో చేతిలో, ఆమె తన కంచె మీద ఆరేసుకున్న అమ్మ గుడ్డ ఉంది. సగమే ఉంది. అంచు నుంచి చొంగ కారుతోంది.

ఆమె తనని చూడలేదు. అక్కా అని పిలిస్తే సరిపోయేది. పిలిస్తే ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఆవుని అతని చేతికిచ్చి, ఒక్క ముక్క మాట్లాడకుండా వీధి దాటి పోతుంది. అతను పిలవలేదు. మోపు పట్టుకుని మూల దగ్గరే ఉండిపోయాడు.

ఆమె తలుపు బాదింది. "తలుపు తియ్యండి."

లోపల గుసగుసలు. ముగ్గురూ మోకాళ్ళ మీద సర్దుకుంటున్న చప్పుడు. తరవాత మూడు గొంతులు కలిసి, "రావమ్మా రా, ఇల్లు నీదే" అన్నాయి.

అట్రాక్టా తలుపు వంక చూసింది. ఆవు కూడా చూసింది.

"మీ ఆటలు నాకొద్దు. నేను అట్రాక్టాని. తలుపు తీసి ఈ గొడ్డుని పట్టుకోండి."

"రావమ్మా రా, ఇల్లు నీదే." ఈసారి రెండు గొంతులే. ఫియాక్రాదీ, జెరాల్డిన్‌దీ. ఊనా గొంతు లేదు.

అక్క చెయ్యి మళ్ళీ తలుపు మీదికి లేచి ఆగిపోయింది. వాన కోటు మీద పడుతోంది. మాట్లాడినప్పుడు గొంతు కిందికి దిగింది.

"ఊనా. అమ్మ గుడ్డ తినేసింది."

లోపల ఒకరు మోకాళ్ళ మీంచి లేచిన చప్పుడైంది. తరవాత ఒక్క గొంతే.

"రా వదినా. ఇల్లు నీదే."

తలుపు తెరుచుకుంది. కొవ్వొత్తుల వెలుగులో మేజోళ్ళతో మోకాళ్ళ మీద ఇద్దరు పట్నంవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి ఊనా. ఆమె ఆవుని చూసింది, గుడ్డను చూసింది, వదిన మొహం చూసింది. అయ్యో అంటుందనుకున్నాడు మాలకీ. అనలేదు.

"గేటు నేనే సరిగ్గా వెయ్యలేదు" అన్నాడు మాలకీ చీకట్లోంచి. మోపుతో ముందుకొచ్చాడు.

అట్రాక్టా వెనక్కి తిరిగి, "నువ్వక్కడ ఎంతసేపట్నుంచి ఉన్నావురా?" అంది.

"అక్కా, ఇది కాస్త పట్టుకో. ఆవుని కట్టేసొస్తాను" అని మోపు చాపాడు.

ఒక చేతిలో ఆవు, ఒక చేతిలో గుడ్డ. ఊనా ముందుకొచ్చి గుడ్డ అందుకుంది. మాలకీ నడికట్టు అందుకున్నాడు. ఖాళీ అయిన రెండు చేతుల్లోకీ మోపు వచ్చి పడింది. తడి తుంగ వాసన మొహానికి తగిలాక గాని అట్రాక్టాకి తను ఎక్కడ నిలబడిందో, చేతిలో ఏముందో తెలియలేదు. తమ్ముడి వంక చూసింది.

"కావాలనే ఇచ్చావు."

"నాకున్నవి రెండు చేతులేగా అక్కా."

"వెనక్కి తిరిగితే పాడి పోతుంది, నీదే పోతుంది. నాకేం?"

అంటూనే ఉంది గాని తిరగలేదు. కళ్ళు మాత్రం ఇంట్లోకి పోయాయి. అక్కడున్న ఒక్కొక్కటే చూస్తుంటే ఆమె మొహంలో ఏడాది కోపం పక్కకి జరిగి కొత్త చిరాకు చోటు చేసుకుంది.

"పొయ్యిలో నిప్పేది?"

ఆర్పేశామని ఊనా చెప్పింది. కొత్త నిప్పు వెయ్యాలని చెప్పింది.

"ఇంత చలిలో ఆర్పారా? అమ్మ పొయ్యి? ఆ దుంపలేంటి, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, మెదిపిందెవరు? బొమ్మ పడక వెనక తలుపు దగ్గర వేస్తారా, గాలి కొట్టి చస్తుంది. ఆవిడ దేవతో ఎవరో నాకు తెలీదు గాని జలుబు ఎవరికైనా జలుబే. లేవండి మీరు, ఎంతసేపు అలా మోకాళ్ళ మీద? బండలకి కీళ్ళు పట్టేస్తాయి." మొదటి మాట గుమ్మం బయట మొదలై, చివరి మాట వంటగది మధ్యలో పూర్తయింది. తుంగను వంగి బల్ల కింద పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టే, వేర్లు పొయ్యి వైపుకి.

గడప దాటిన సంగతి ఆమె గమనించలేదు. మాలకీ గమనించాడు. ఊనా కూడా.

ఫియాక్రా లేస్తూ సీసా చేతికి తీసుకుని, నైవేద్యం ఇప్పుడా తరవాతా అని భయంగా అడిగాడు. అట్రాక్టా సీసా మీది రాత చదివింది.

"ఓట్స్‌కి పొదుగెక్కడుంది నాయనా?"

తనకి ఆవుపాలు పడవనీ, తాగితే రెండు రోజులు కడుపునొప్పనీ ఆయన చెప్పాడు. ఆ మాట ముందే చెప్పొచ్చుగా అని, ఆయనకి పాలు లేని టీ పెట్టమని పురమాయించింది. పొయ్యి వెలిగించాక అని కూడా.

ఊనా ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. గుడ్డముక్క రెండు చేతుల్లో. చొంగ, నమిలిన గడ్డి ఆకుపచ్చ, బురద. సింకు ఆమెకి మూరెడు దూరంలో ఉంది. అట్రాక్టా కూడా పొయ్యి తలుపు తీస్తూ తీస్తూ ఆగి అటే చూస్తోంది.

"వీపు మీద వేసేదేగా వదినా" అంది ఊనా మెల్లగా. "అది ఈసారి లోపల్నుంచి వేసుకుంది."

అట్రాక్టా మూతి బిగించింది. ముక్కులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గేమో.

"నీ నోరుందే" అంది.

ఊనా సింకు వైపు పోలేదు. ఉన్న గుడ్డను ఉన్నట్టే పట్టుకుని, తలకి ఏమీ కప్పుకోకుండా వానలోకి వెళ్ళింది. వాకిలి కంచెకి కడుతుంటే కిటికీలోంచి కనపడుతోంది. అట్రాక్టా కిటికీ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచి చూసింది.

"ముడి గట్టిగా వెయ్యమనరా. తెల్లారేలోగా గాలొస్తుంది" అని గుమ్మం బయట ఆవుని పట్టుకునున్న తమ్ముడితో అంది. "తెల్లారి నేనొచ్చి తీస్తాను. ఆ పిల్లని దాన్ని ముట్టుకోవద్దను."

మాలకీ ఆ మాటలో మొదటి సగం మాత్రం అటు చేరవేశాడు.

ఆవుని కొట్టంలోకి తోలి, గొళ్ళెం వేసి, వేశానా అని మళ్ళీ లాగి చూశాడు. ఆవు ఒళ్ళు వేడిగా ఉంది. వీపు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. లోపల ఏదో కదిలి అరచేతిని తన్నింది, గుడ్డో దూడో.

ఇంటి పొగగొట్టంలోంచి పొగ లేచింది. వేడినీళ్ళు రావడానికి ఇంకా సేపు పడుతుంది. వంటగదిలోంచి గొంతులు వినపడుతున్నాయి. ఇది చక్రమని ఒకరు, నీ మొహం శిలువ కదా అని ఒకరు. నాలుగో చెయ్యి ఇలా మడవాలని ఒకరు, అలా మడిస్తే ఊడిపోతుందని ఒకరు. మధ్యలో ఫియాక్రా ఏదో అనబోతే ఇద్దరూ కలిసి ఆయన్ని ఊరుకోమన్నారు. ఏడాదిగా ఆ ఇంట్లో ఇంత గోల లేదు. భరించడం కష్టంగా ఉంది.

మాలకీ ఆవు పక్కన గడ్డి మీద కూచున్నాడు. బంగాళాదుంపలకి ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తారు. ఆలోగా చేతులు వెచ్చబెట్టుకోవడానికి ఆవు ఉంది.